నాలుగు వందల ఏళ్ళ వరం

ముప్ఫయ్యో యేట మరణించినవాణ్ణి గురించి కూడా ‘పాపం, వాడికి నూరేళ్ళు నిండాయి’ అనడం తెలుగువారి పలుకుబడి. ‘నూరేళ్ళు వర్ధిల్లు’ అని దీవించేదీ ఆ మాటతోనే. నూరేళ్ళంటే నిండు జీవితమని మన పెద్దల భావమే గాని, అది కచ్చితమైన లెక్క కాదు.

ఆ లెక్క నేడు నిజంగానే మారుతున్నది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుని సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడది 70కి చేరింది. అరవై దాటిన వారి సంఖ్య 2011 జనాభా లెక్కల నాటికే పది కోట్లు మించింది. ఫ్రాన్సు దేశపు జాన్ కాల్మెంట్ 122 ఏళ్ళు జీవించి 1997లో కన్నుమూసింది. వార్ధక్యాన్ని కూడా ఒక రోగంగా ఎంచి, దానికి మందు కనిపెట్టే ప్రయోగశాలలకు పాశ్చాత్య ధనికులు కోట్లు కుమ్మరిస్తున్నారు.

ఈ సమస్యను ఆలోచించడానికి పుదుచ్చేరి తగిన ఊరు. 1910 ఏప్రిల్ 4న ఇక్కడికి చేరిన శ్రీ అరవిందులు జీవితాంతం ఇక్కడే ఉండి, ‘సావిత్రి’ని ఆంగ్లంలో మహాకావ్యంగా రచించారు. మానవదేహం సైతం దివ్యంగా పరిణమించగలదని ఆయన విశ్వాసం. ఆయన 1950లో 78 ఏళ్ళ వయస్సులోను, శ్రీమాత 1973లో 95 ఏళ్ళ వయస్సులోను దేహం చాలించారు. ఆశ్రమ ప్రాంగణంలో ఒకే చెట్టు నీడన వారి సమాధి ఉన్నది. వారు కోరినది ఏళ్ళు పెరగడం కాదు, మనిషి మారడం. ఈ భేదాన్ని మరువరాదు.

ఏళ్ళు మాత్రమే కోరినవాడు యయాతి. తన ముసలితనాన్ని కొడుకు పూరువుకిచ్చి, వాని యౌవనాన్ని తాను అనుభవించాడు. నేటి దీర్ఘాయువులోనూ ఈ చిక్కే పొంచి ఉన్నది. తండ్రి నూట ఇరవై ఏళ్ళు బ్రతికి పొలాన్నీ, పదవినీ వదలకపోతే, తొంభై ఏళ్ళ కొడుకు ఇంకా ‘చిన్నవాడు’గానే మిగిలిపోడా? మనుమడి ఉద్యోగం ఎక్కడి నుంచి రావాలి? స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివర్ యాత్రలలో చావులేని మనుషులున్నారు. ఎనభై నిండగానే చట్టం వారిని మృతులుగా ఎంచి, ఆస్తిని వారసులకిస్తుంది. రెండు వందల ఏళ్ళ తరువాత దేశభాషే మారిపోయి, ఇరుగుపొరుగుతో మాటైనా కలపలేరు. అనువాదం వృత్తిగా గల నాకు ఆ శిక్ష మరీ భయంకరమనిపిస్తుంది.

మహాభారతంలోని సావిత్రి దారి వేరు. ఆమె యముణ్ణి మొదట కోరినది భర్త ప్రాణం కాదు. అంధుడైన మామగారికి చూపు. రెండవది ఆయన పోగొట్టుకున్న రాజ్యం. తండ్రికి సంతానం, తనకు సంతానం ఆ తరువాత. చిట్టచివరనే సత్యవంతుని ప్రాణం. అప్పుడు యముడిచ్చిన ఆయువు నాలుగు వందల ఏళ్ళు. అదీ ఆమెతో కలిసి జీవించేందుకు. చూపు, జీవనాధారం, పిల్లాపాపలు, తోడు — ఇవన్నీ సమకూడిన పిమ్మటనే ఆయువు. ఇది యముణ్ణి ఒప్పించిన చమత్కారం మాత్రమే కాదు, ఒక ధర్మక్రమం కూడా.

ఆ మొదటి వరాన్ని మన కాలంలో సాధించి చూపినవారు డాక్టర్ జి. వెంకటస్వామి. ప్రభుత్వోద్యోగం నుంచి 58వ యేట విరమించి, 1976లో మధురైలో పదకొండు పడకలతో నేత్రవైద్యశాల తెరిచారు. దానికి తాము ఆరాధించే అరవిందుల పేరే పెట్టారు. కీళ్ళవాతంతో వంకర్లుపోయిన వేళ్ళతోనే వేలకువేల శుక్లాలు తీశారు. ఇచ్చుకోగలిగినవారి రుసుముతో, ఇచ్చుకోలేనివారికి ఉచితంగా చూపు దక్కేట్లు చేశారు. 2003లో ఆ ఆస్పత్రి పుదుచ్చేరిలోనూ వెలసింది.

ఆయువు పెంచే పరిశోధన తప్పని నేననను. రోగం లేకుండా పదేళ్ళు ఎక్కువ బ్రతకడం ఎవరికి చేదు? అయితే ఆ పదేళ్ళు ఎవరికి దక్కుతాయి, వాటి భారం ఎవరి భుజాన పడుతుంది అని అడగక తప్పదు. ఎనభై దాటిన అత్తగారి పక్కన రాత్రంతా మేలుకొని, తెల్లవారి పనిలోకి పోయే కోడలికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మందు కనిపెట్టేవారి కంటె ముందు ఆమెను సంప్రదించడం న్యాయం.