పంది గుద్దిన అంబాసిడర్
అడవిపంది పొట్టిది గనక దాని దెబ్బ ఎక్కువగా బంపర్ కిందికే తగులుతుంది. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే దారిలో, రాత్రిపూట శెనక్కాయ చేలకు దిగే పందికి పాత అంబాసిడర్ అడ్డొస్తే అందరూ బానెట్ సొట్ట చూసి అయ్యో అంటారు. నేను మాత్రం ముందు తలుపులు చూడమంటాను. ఆ కారుకు విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే ఛాసిస్. తలుపు వేసినప్పుడు సందు పైన సన్నగా, కింద వెడల్పుగా కనిపించిందా, ముందు భాగం వంగిందేమోనని అనుమానించాలి. ఈ కారు తయారైన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో మూతబడ్డాక మడ్‌గార్డ్ దొరకలేదని వాపోయేవాళ్లతో నాకు పేచీ. దొరికినా వద్దంటాను. ఆ మందపు రేకును ప్రొద్దుటూరులో చెయ్యి తిరిగిన టింకరు వెనక ఇనుప దిమ్మె ఆనించి, సుత్తితో మెల్లగా తట్టి నిలబెట్టగలడు. తొందరపడి పుట్టీ దట్టిస్తేనే బండి పాడయ్యేది. (నమ్మకం లేకుంటే అయస్కాంతం ఆనించి చూడండి, మందపు పుట్టీ మీద నిలవదు.) అంతకంటే పెద్ద గండం పాలసీ కాగితంలో ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, అయిదేళ్లు దాటిన బండి విలువ యజమానీ కంపెనీ మాట్లాడుకుని రాసుకునేదే. ప్రీమియం తగ్గుతుందని తక్కువ రాయించుకున్నారో, రిపేరు ఖర్చు అందులో 75 శాతం దాటగానే టోటల్ లాస్ అంటారు. బాగుపడే కారు తుక్కు బేరానికి పోతుంది. ఎద్దుల బేరంలో వంద రూపాయల దగ్గర గంటసేపు పట్టుబట్టే మా సీమవాళ్లం, ఏజెంటు వేసిన అంకె కింద మాత్రం చూడకుండా సంతకం పెట్టేస్తాం.