కోడలి రంగుల డబ్బా

పోయిన నెల తువ్వాళ్ల రంగు పోకుండా ఎట్లా ఉతకాలో రాశాను. ఈ నెల కూడా రంగుల ముచ్చటే. కాకపోతే బట్ట మీది రంగు కాదు, కంటిరెప్ప మీది రంగు. ఇప్పుడే నవ్వకండి, మొత్తం చదివినంక నవ్వండి.

మా చిన్నకోడలు పొద్దంతా బీడీలు చేస్తది. సాయంత్రం రెండు గంటలు పార్లర్ పని నేర్చుకుంటది. ఏడాది అయింది. మొన్న మా షోలాపూర్‌లోనే, మా గల్లీ పిల్ల పెళ్లికి మేకప్ చేసే పని ఒప్పుకున్నది. మొదటి ఆర్డర్. దానికోసం 18 రంగుల ఐషాడో ప్యాలెట్ కొన్నది, 450 రూపాయలు. రెండు మూడు రోజుల బీడీల కూలి అందులోనే పోయింది. మా కొడుకు ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

డబ్బా తెరిస్తే నాకు మిల్లులో షేడ్ కార్డు యాదికొచ్చింది. గోధుమ జాతి రంగులే ఏడున్నాయి. ఇటుక, బెల్లం, కాఫీ, రాగి, అట్లా. "ఇవన్నీ ఒకటే గదనే, ఏడు ఎందుకు?" అన్నాను. "కాదు అత్తమ్మా, ఇది మ్యాట్, ఇది శాటిన్, ఇది షిమ్మర్, ఇది మెటాలిక్" అని ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి చూపించింది.

అప్పుడు తలకెక్కింది. మిల్లు మూతబడ్డాక నేను తువ్వాళ్ల కార్ఖానాలో చెకింగ్‌లో చేశాను కదా. ఒకే లాట్ నూలు, ఒకే రంగు. ఒక పక్క లూపులు అట్లనే ఉంటయి, ఇంకో పక్క లూపులు కత్తిరించి మఖమల్ లాగ చేస్తరు. కత్తిరించిన పక్క ముదురుగా కనిపిస్తది. రంగు మారలేదు, దాని మీద వెలుగు పడే తీరు మారింది. ఇదీ అంతే. మ్యాట్‌కు మెరుపు ఉండదు. శాటిన్ పట్టుబట్ట లాగ మెత్తగా మెరుస్తది. షిమ్మర్‌లో తళుకు, మెటాలిక్‌లో రేకు మెరుపు. ఒక ఆకుపచ్చ ఉంది, అటు తిప్పితే నీలం, ఇటు తిప్పితే పచ్చ. మన నెమలికంఠం చీరే! చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఈ పొడిలో ఎట్ల తెచ్చిన్రో.

ఈ తళుకంతా ఎక్కువ భాగం కాకిబంగారం పొడి. అదే అభ్రకం. ఆంధ్రలో గూడూరు దిక్కు దీని గనులున్నాయి. ఝార్ఖండ్‌లో కోడర్మా వైపు చిన్నపిల్లలు కూడా దీన్ని ఏరుతున్నరని పేపర్లలో వచ్చింది. డబ్బా మీద అది రాయరు.

పెళ్లిపిల్లది నా రంగే, చామనచాయ కన్నా ఇంకొంచెం నలుపు. పార్లర్‌లో మాత్రం తెల్లటి ముఖాల మీదనే నేర్పిన్రట. "నీ రెప్పల మీద చూసుకుంట అత్తమ్మా" అని అడగడానికి ఆ పిల్లకు రెండు రోజులు పట్టింది. ఎందుకో నాకు తెలుసు. మా ఇంటాయన పోయి ఎనిమిదేండ్లు. అప్పటినుంచి నేను కాటుక కూడా పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు. పెట్టుకో అని కూడా ఎవరూ అనలేదు.

"కూర్చుంట గానీ అద్దం చూపియ్యకు" అన్నాను.

ముందు రోజే ముంజేతి లోపలి పక్క కొంచెం రాసి ఉంచింది. దురద రాలేదు, ఎర్రగా కాలేదు. మీరూ ఇది చెయ్యకుండా కంటికి పెట్టుకోవద్దు.

మొదట లేత గులాబీ. నా రెప్ప మీద బూడిద రాసుకున్నట్టు అయిందట. తుడిచేసింది. వెండి రంగు షిమ్మర్ ఇంకా అన్యాయం, ముడతలన్నీ లెక్కపెట్టి చూపించింది. మా వయసుకు మ్యాట్, శాటిన్ చాలు. ఆఖరికి రెప్ప మడతలో ఇటుక రంగు మ్యాట్ కుంచెతో అద్ది, అంచు కనిపించకుండా కలిపింది. రెప్ప నడుమ రాగి రంగు మెటాలిక్ వేలితో ఒత్తింది. కుంచెతో పెడితే పొడి చెంప మీద రాలుతది, వేలితోనే పట్టుకుంటది.

"ఒక కంటికి కింద ప్రైమర్ పెట్టు, ఇంకో కంటికి పెట్టకు" అన్నాను. పడుగుకు గంజి పెట్టనిది మగ్గం మీద ఏమయితదో మనకు తెలియనిదా.

తర్వాత నేనే లేచి గడప మీద కూర్చున్నాను. ట్యూబులైటు కింద షేడ్ చూసి పాస్ చేస్తే మా చెకింగ్‌లో తిట్లు పడేవి. తగాదా వస్తే తువ్వాలు పగటి వెలుగులోకి తెచ్చి చూసేవాళ్లం. ఆ అలవాటు నన్ను బయటికి తెచ్చింది. ఎదురింటి వదిన చూడనే చూసింది.

"ఏంది వదినా, ఈ వయసుల ఇదేంది?"

"షేడ్ చెకింగ్ నడుస్తున్నది" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. లోపలికి పోయి మళ్లీ వచ్చి చూసింది.

కోడలు తుడుస్తానంటే వద్దన్నాను. సాయంత్రం దాకా నిలుస్తదో లేదో చూడాలి కదా. అట్లనే జొన్నలు పట్టించడానికి గిర్నీకి పోయాను, అట్లనే కూరగాయలకు పోయాను. ఎండకు చెమట పట్టింది. సాయంత్రానికి ప్రైమర్ లేని కంట్లో రంగు మడతలో గీత లాగ చేరింది. ఉన్న కంట్లో పొద్దున పెట్టినట్టే ఉంది. ఇది నేనే చూశాను. డబ్బా మూతకు చిన్న అద్దం ఉంటది, ఒక్కసారికి ఒక్క కన్నే కనిపిస్తది. చాలాసేపు చూశాను.

కొనేటోళ్లు ఇవి చూసుకోండి. తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే, తెరిచిన నాటి నుంచి 12 నెలలే వాడాలి. పిల్లల బొమ్మలకు అతికించే గ్లిట్టర్ కంటి దగ్గరికి తేవద్దు, కంటిని గీస్తది. సీసం కలిసిన సుర్మా అసలే వద్దు. ఒకరి కుంచె ఇంకొకరికి కడగకుండా పెట్టవద్దు. కన్ను ఎర్రబడితే కడిగేసి డాక్టరు దగ్గరికి పోవాలి.

పెళ్లి అయింది. ఫోటోల్లో పిల్ల కండ్లు బాగా వచ్చినయి. కోడలికి 1500 ఇచ్చిన్రు. ఇంకో ఇద్దరు అడిగి పోయిన్రు, ఇద్దరిదీ మన రంగే. రాగి రంగు గడిలో అప్పుడే అడుగు రేకు కనిపిస్తున్నది. మిగిలిన 17 రంగులు అట్లనే ఉన్నయి. ఆ ఒక్క రంగే విడిగా ఎక్కడ దొరుకుతదో మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి.