సోలార్ లైట్ బ్యాటరీ ‘చచ్చిపోయింది’ అంటే నమ్మకండి, అలాగని వెంటనే లేపకండి

‘డెడ్ లిథియం బ్యాటరీని 2 నిమిషాల్లో లేపడం ఎలా?’ టైపు వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇంకో మంచి బ్యాటరీ తెచ్చి ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ ఆనిస్తారు. లైటు వెలుగుతుంది. కింద కామెంట్లలో ‘సూపర్ బ్రో’లు. ఆ ట్రిక్ కొన్నిసార్లు నిజంగానే పనిచేస్తుంది. నా గొడవల్లా ఒకటే. ఏ బ్యాటరీ మీద చేయొచ్చో, దేని మీద చేయకూడదో ఆ వీడియోల్లో చెప్పరు.

పోయిన వానాకాలం అయ్యాక మా బాబాయి చేను దగ్గర మోటారు షెడ్డుకున్న సోలార్ లైట్ దించి నా చేతికిచ్చాడు. “ఒరేయ్, షాపులో అడిగితే బ్యాటరీ పోయింది, కొత్తది కొనమంటున్నారు. నువ్వోసారి చూడు” అన్నాడు. లోపల నాలుగు ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ సిరీస్‌లో ఉన్నాయి. 12.8 వోల్టులు, 6 ఏహెచ్. టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెడితే దాదాపు సున్నా. షాపువాళ్లు చూసింది ఇక్కడిదాకానే.

కానీ ఆ సున్నా బ్యాటరీది కాకపోవచ్చు, బీఎంఎస్‌ది కావచ్చు. ఏదో ఒక సెల్ వోల్టేజ్ బాగా పడిపోగానే బీఎంఎస్ కరెంటు బయటికెళ్లే దారి మూసేస్తుంది. అప్పుడు లోపల సెల్స్ బాగున్నా బయట సున్నానే. సెల్స్ నిజంగా పాడైనా అదే సున్నా. తేడా తెలియాలంటే ప్యాక్ విప్పి, బ్యాలెన్స్ వైర్ల దగ్గర ఒక్కో సెల్‌ని విడిగా కొలవాలి. నేను కొలిస్తే మూడు సెల్స్ 2.3 వోల్టుల దగ్గరున్నాయి. నాలుగోది 0.6.

ఎల్‌ఎఫ్‌పీ సెల్‌ని మామూలుగా 2.5 వోల్టుల కంటే కిందికి దించరు. ఫోన్లలో ఉండే టైపు లిథియం అయాన్ సెల్‌కి ఆ గీత 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. దాని కిందికి కొంచెం, అదీ కొద్దిరోజులే పోయొస్తే పెద్ద నష్టం ఉండదు. ఒక వోల్టు కంటే కిందికి పోయి నెలలు గడిస్తే కథ వేరు. సెల్ లోపలి రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లోకి కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చేయొచ్చు. బయటికి మాత్రం ఆ సెల్ బుద్ధిగా చార్జ్ ఎక్కుతున్నట్టే కనిపిస్తుంది. నాకు భయం అక్కడే.

ఇలాంటివి సోలార్‌లో ఎందుకెక్కువంటే, అక్కడ ప్లగ్ పెట్టే మనిషి ఉండడు. బాబాయి షెడ్డు మీద వేపకొమ్మ పెరిగి ప్యానెల్‌కి నీడ పడింది, పైగా ముసురు. చీకటి పడితే లైటు దానంతటదే వెలుగుతుంది కదా, రోజూ ఉన్న కాస్తా తినేసింది. బీఎంఎస్ ఆపేశాక కూడా దాని సర్క్యూట్ సెల్స్ నుంచే కొద్దికొద్దిగా తాగుతుంది. 50 మైక్రో ఆంప్స్ అనుకున్నా రోజుకి 1.2 ఎంఏహెచ్. 3 ఏహెచ్ చిన్న ప్యాక్‌లో 5 శాతం, అంటే 150 ఎంఏహెచ్, మిగిలితే అది దాదాపు 125 రోజుల్లో ఖాళీ.

మళ్లీ ఎండొస్తే లేస్తుందా అంటే, చాలా కంట్రోలర్లు బ్యాటరీ వోల్టేజ్ కనిపిస్తేనే చార్జింగ్ మొదలుపెడతాయి. చాలా బీఎంఎస్‌లు చార్జింగ్ వోల్టేజ్ కనిపిస్తేనే లేస్తాయి. నువ్వు ముందంటే నువ్వు ముందు! కొన్ని కంట్రోలర్లలో ‘లిథియం యాక్టివేషన్’ ఉంటుంది, చవక లైట్లలో నేను చూడలేదు. పదుల రూపాయలకు దొరికే టీపీ4056 చార్జింగ్ బోర్డు కూడా సెల్ 2.9 వోల్టుల కింద ఉంటే పదోవంతు కరెంటుతో మెల్లగా మొదలెడుతుంది. వేలు పోసి కొన్న లైటుకి ఆ మాత్రం తెలివి పెట్టలేరా?

2.3 దగ్గరున్న మూడింటినీ ఒక్కోటిగా బెంచ్ పవర్ సప్లైకి పెట్టాను. 300 మిల్లీ ఆంప్స్ మించనివ్వలేదు, అంటే 6 ఏహెచ్‌లో ఇరవయ్యోవంతు. 3 వోల్టులు దాటేదాకా పక్కనే కూర్చుని వేడి చూస్తూనే ఉన్నా. వేడెక్కినా, ఉబ్బినా, వోల్టేజ్ పెరగకపోయినా అక్కడితో ఆపేసేవాణ్ని. ఫుల్ చేసి వారం వదిలేస్తే మూడూ 3.3 పైనే నిలబడ్డాయి. నాలుగోదాన్ని ముట్టుకోలేదు. దాని బదులు అదే కెపాసిటీ కొత్త సెల్ వేశాను. పాత వాటితో కొత్తది కలపడం మంచి పద్ధతి కాదని తెలుసు, కానీ లైటు లాగే కరెంటు తక్కువే. నాలుగూ విడివిడిగా 3.65 దాకా నింపాకే ప్యాక్ కట్టాను. ఇంకో బ్యాటరీతో నేరుగా కలిపుంటే ఆ 0.6 సెల్‌లోకి కూడా కరెంటు అదుపు లేకుండా దూకేది.

ఇందులో రివ్యూలు రాసే మా తప్పూ ఉంది. సోలార్ పవర్ బ్యాంక్ వస్తే ప్యానెల్ సైజు, టార్చ్, టైప్ సీ పోర్ట్ చూసి మార్కులేస్తాం. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు. వెనకున్న ఒకటిన్నర వాట్ల ప్యానెల్ రోజుకి 5 గంటల మంచి ఎండలో ఇచ్చేది 7.5. ఒక్క చుక్క వృథా కాకపోయినా నిండడానికి పది రోజులు! పూర్తిగా ఖాళీచేసి, నెల రోజులు డ్రాయర్లో పడేసి, తర్వాత ఎండలో పెడితే లేస్తుందా అని నేనైతే ఇప్పటిదాకా చూడలేదు. ఇకమీదట నా దగ్గరికొచ్చే ప్రతి సోలార్ గ్యాడ్జెట్‌కీ ఆ టెస్ట్ ఉంటుంది. ప్యాక్ విప్పడానికి స్క్రూలున్నాయా, గమ్ముతో అతికించారా అన్నదానికి కూడా మార్కులుంటాయి.

2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. అందుకే ఆ 0.6 సెల్‌ని చెత్తబుట్టలో వేయలేదు. రెండు చివరలా టేపు అంటించి, ఇసుక డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచాను. లైటు అమ్మిన కంపెనీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, ఎక్కడివ్వాలో చెప్పమని. బాబాయి మాత్రం వేపకొమ్మ కొట్టించేశాడు.