గల్ఫ్ బాటలో టీకా మాటేదీ?

'మెడికల్ ఫిట్' ముద్ర కోసమే పరుగులు - అప్పు చేశాకే బయటపడుతున్న రోగాలు

అమలాపురం: కోనసీమ లంక గ్రామాల నుంచి, నరసాపురం, పాలకొల్లు, ఆచంట ప్రాంతాల నుంచి కువైట్, బహ్రెయిన్, ఒమన్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్లే మహిళల ప్రయాణంలో పాస్‌పోర్టు, వీసాల తరువాత అందరినీ వణికించే మూడో మెట్టు ఒకటుంది. అదే మెడికల్. ఏజెంటుకు సొమ్ము కట్టి, వడ్డీకి తెచ్చిన అప్పు కాగితాలపై సంతకాలు చేశాక, పరీక్షా కేంద్రం నుంచి 'అన్‌ఫిట్' అని ఒక్క మాట వస్తే ఆ కుటుంబం ఏళ్ల తరబడి కోలుకోలేదు. విచారకరమైన విషయమేమిటంటే, ఇలా తిరస్కరణకు గురిచేసే జబ్బుల్లో కొన్నింటిని ముందుగా టీకాతోనో, మందులతోనో నివారించడానికి వీలుంది. ఆ పని చేయవలసిన చోటు గల్ఫ్ కాదు, ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే.

ఒకప్పుడు గామ్కా పేరిట, ఇప్పుడు వాఫిద్ పేరిట నడుస్తున్న గల్ఫ్ దేశాల వైద్య పరీక్షల విధానంలో హెచ్ఐవి, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, క్షయ, సుఖవ్యాధులు, కుష్ఠు, మలేరియా, ఫైలేరియా వంటివాటిని చూస్తారు. మహిళలకు గర్భ నిర్ధారణ పరీక్ష కూడా ఉంటుంది. అదుపులో లేని మధుమేహం, రక్తపోటు ఉన్నా ఇబ్బందే. ఇక్కడ ఫిట్ అయినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. అక్కడ దిగాక అకామా కోసం మళ్లీ పరీక్షలు జరుపుతారు. వాటిలో తేడా వస్తే తిరుగు విమానమే శరణ్యం. ఈ తతంగమంతా పని ఇచ్చే దేశాన్ని రోగాల నుంచి కాపాడుకోవడానికి ఏర్పరచినది. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే వెళ్లే మనిషి ఆరోగ్యాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఏ కార్యాలయంలోనూ సమాధానం దొరకదు.

హెపటైటిస్-బి సంగతే తీసుకుందాం. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టు గల మహిళలు గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన. మన దేశంలో హెపటైటిస్-బి టీకాను సార్వత్రిక కార్యక్రమంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినది 2002లో. దేశమంతటికీ విస్తరించినది 2011లో. అంటే నిబంధన ప్రకారం ఇప్పుడు విమానమెక్కే ప్రతి మహిళా ఆ టీకా పిల్లలకు ఇవ్వడం మొదలుకాకముందు పుట్టినదే. సొంత ఖర్చుతో వేయించుకుంటే తప్ప ఆమెకు రక్షణ లేదు. ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధాల ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు, శుద్ధి చేయని సూదుల ద్వారా, ఒకరి బ్లేడు మరొకరు వాడడం ద్వారా సోకుతుంది. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనబడకుండా కాలేయంలో దాగి ఉండగలదు. కాబట్టి 'నాకేం, నేను బాగానే ఉన్నాను' అనుకున్న వారికే మెడికల్‌లో తల తిరిగే వార్త ఎదురవుతోంది.

పెద్దలకు ఈ టీకా మూడు మోతాదులు. మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన రోజునే మొదలుపెడితే వీసా చేతికి వచ్చేలోగా కనీసం రెండు పూర్తవుతాయి. మొదట రక్త పరీక్ష చేయించుకుని, వైరస్ లేదని తేలాకే టీకాకు వెళ్లడం మేలు. ఎందుకంటే అప్పటికే సోకి ఉంటే టీకా వల్ల ఉపయోగం లేదు, చికిత్స అవసరమా అన్నది వైద్యుడు తేల్చాలి. ఇంకొక మెలిక కూడా ఉంది. టీకా వేసిన తరువాత సుమారు మూడు వారాల లోపు రక్తం ఇస్తే, టీకాలోని పదార్థమే పరీక్షలో కనబడి పాజిటివ్‌గా చూపించే అవకాశం ఉంది. మెడికల్‌కు వారం ముందు హడావుడిగా సూది వేయించుకునేవారు కోరి చిక్కు తెచ్చుకున్నట్లే.

హెపటైటిస్-సికి టీకా లేదు. కానీ మందు ఉంది. 2018లో ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, చికిత్స ఉచితం. అత్యధికులకు 12 వారాల మాత్రలతో వైరస్ పూర్తిగా పోతుంది. అయితే వ్యాధి నయమైనా యాంటీబాడీ పరీక్షలో రక్తం రియాక్టివ్‌గానే కనబడుతుంది. క్షయదీ ఇదే కథ. పదేళ్ల క్రితం మందులు వాడి పూర్తిగా కోలుకున్నవారి ఊపిరితిత్తులపై మిగిలిన పాత మచ్చ ఎక్స్‌రేలో పడినా గల్ఫ్ నిబంధనలు అంగీకరించవు. ఆ నిబంధన కఠినమే, వైద్యపరంగా చర్చనీయాంశమే. కానీ దానిని మార్చగలిగే శక్తి మనకు లేనప్పుడు, ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించుకోవడం ఒక్కటే దారి. ముందు మెడికల్, తరువాత అప్పు. డెల్టాలో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక ఫైలేరియా మనకు ఇంటి చుట్టం వంటిది. కాలువలు, మురుగు కోడులు, కొబ్బరి తోటల మధ్య బతికే గోదావరి జిల్లాల వారికి బోదకాలు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ వ్యాధిపై శిక్షణ, పరిశోధనల కోసం ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం రాజమండ్రిలోనే ఉండడం గమనార్హం. ఈ క్రిములు రాత్రివేళ మాత్రమే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి కనుక రాత్రిపూట తీసిన రక్తపు చుక్కతోనే సరైన నిర్ధారణ జరుగుతుంది. కాళ్లు వాచనివారి రక్తంలో కూడా క్రిములు ఉండవచ్చు. ఆరోగ్య సిబ్బంది ఇంటికి తెచ్చి ఇచ్చిన డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను చూరులో దోపి మరచిపోయే అలవాటుకు గల్ఫ్ వెళ్లాలనుకునేవారైనా స్వస్తి చెప్పాలి.

విద్యార్థులదీ అదే వరస

రాజమండ్రి, కాకినాడ, భీమవరం నుంచి అమెరికాకు చదువుకోవడానికి వెళ్లే పిల్లల పరిస్థితి వేరు. వీరికి అప్పు కంటే కాగితం పెద్ద సమస్య. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావరకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకా రెండు మోతాదులు, కనీసం 28 రోజుల ఎడంతో వేసినట్లు ధ్రువపత్రం అడుగుతాయి. కొన్ని మెనింజైటిస్ టీకా కూడా కోరతాయి. మన ప్రభుత్వ కార్యక్రమంలో చాలాకాలం తట్టుకు ఒక్క మోతాదే ఉండేది. రెండో మోతాదు 2010 నుంచి వచ్చింది. 2017లో బడుల్లో వేసిన మీజిల్స్-రుబెల్లా టీకాలో గవదబిళ్లల రక్షణ లేదు. పైగా ఆ టీకా కార్డులు ఎవరి దగ్గర భద్రంగా ఉన్నాయి? 1996 నవంబరు తుపాను కోనసీమలో ఇళ్ల కప్పులతో పాటు ఎన్ని కాగితాలను పట్టుకుపోయిందో ఆ ఊళ్లవారికే తెలుసు. కార్డు లేనప్పుడు మళ్లీ రెండు మోతాదులు వేయించుకోవడం వల్ల హాని లేదు. గర్భిణులు మాత్రం ఈ టీకా వేయించుకోకూడదు. 2025లో తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్ రాష్ట్రంలో తట్టు ప్రబలి 762 కేసులు నమోదయ్యాయి, ఇద్దరు పిల్లలు మరణించారు. తట్టు మన పల్లెల జబ్బేనని అనుకోవడానికి ఇక వీలు లేదు.

క్షయ పరీక్ష విషయంలో ఒక జాగ్రత్త. మన పిల్లలందరికీ పుట్టగానే బీసీజీ వేస్తారు. దాని ప్రభావంతో చేతిపై చేసే చర్మ పరీక్ష కొందరిలో తప్పుడు పాజిటివ్ చూపవచ్చు. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షపై బీసీజీ ప్రభావం ఉండదు. ఎంఎంఆర్ వేసిన వెంటనే చర్మ పరీక్ష చేయించినా ఫలితం తారుమారవుతుంది. రెండూ ఒకే రోజు చేయించాలి, లేదా టీకా తరువాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

ఆఫ్రికా దేశాలకు ఉద్యోగాలపై వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకా పట్టు తప్పదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, కేంద్రం గుర్తించిన చోటనే వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం అటువంటిది. వీధిచివర క్లినిక్కు ఇచ్చే కాగితం చెల్లదు. 2016 జులై నుంచి ఆ పసుపు కార్డు జీవితకాలం చెల్లుతుంది కనుక పదేళ్లకోసారి మళ్లీ సూది అక్కరలేదు.

ప్రభుత్వం తలచుకుంటే ఏమి చేయగలదో 2021లో చూశాం. ఆ ఏడాది జూన్‌లో విదేశాలకు వెళ్లే విద్యార్థులు, ఉద్యోగుల కోసం కోవిషీల్డ్ రెండో మోతాదు గడువును 84 రోజుల నుంచి 28 రోజులకు తగ్గించి, టీకా ధ్రువపత్రంలో పాస్‌పోర్టు సంఖ్య చేర్చారు. అదే సమయంలో కోవాగ్జిన్ వేయించుకున్నవారు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కోసం నవంబరు 3 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. వెళ్లే దేశం ఏ టీకాను ఒప్పుకుంటుందో సూదికి ముందే తెలుసుకోవాలన్న సంగతి అప్పుడు అందరికీ బోధపడింది. ఆ ఏర్పాట్లు కోవిడ్‌తోనే ముగిసిపోయాయి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికొక పూట విదేశీ ప్రయాణికుల కోసం ఒక గది తెరవడానికి కొత్త భవనం అక్కరలేదు. ఒక నర్సు, ఒక రిజిస్టరు, హెపటైటిస్-బి టీకా నిల్వ చాలు. గ్రామంలో ఎవరు పాస్‌పోర్టు తీసుకున్నారో ఆశా కార్యకర్తకు తెలియకుండా ఉండదు కదా!

అక్కడికి చేరాక ఎదురయ్యే చిక్కులు వేరు. గోదావరి ఉక్కపోతలో చెమట ఒంటిపై కారుతూ హెచ్చరిస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టినట్లే తెలియకుండా ఆరిపోతుంది, దాహం తెలిసేసరికి ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలపై భారం పడుతుంది. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఆరుబయట పని నిషిద్ధం. మేస్త్రీకి, కూలీకి దక్కే ఈ రక్షణ వంటింట్లో పొయ్యి ముందు నిలబడే మహిళకు లేదు. మందుల విషయంలోనూ అప్రమత్తత అవసరం. ఒంటి నొప్పులకని ట్రమడాల్ మాత్రలు, దగ్గుకని కోడీన్ కలిసిన సిరప్ సంచిలో వేసుకుని దిగితే గల్ఫ్ విమానాశ్రయంలో మాదకద్రవ్యాల కేసు చుట్టుకోగలదు. బీపీ, షుగర్ మాత్రలకైనా వైద్యుని చీటీ వెంట ఉండాలి.

జబ్బు పడితే ఖర్చు మాటేమిటి? ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పన్ను అదనం. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు, ఆసుపత్రి ఖర్చులకు లక్ష వరకు వర్తిస్తుంది. విజిట్ వీసాపై పంపించే ఏజెంటు ఈ క్లియరెన్స్‌ను తప్పించుకుంటాడు. దానితో పాటు ఆమె బీమా కూడా పోతుంది. డబ్బు చెల్లించే ముందు ఏజెంటును వీసా ఏ రకానిదని, బీమా కాగితం ఎప్పుడు ఇస్తావని అడగాలి.