తుపాకీ సంగతి ఇంట్లో ఆడమనిషిని అడగరా?

మా కుందుర్పి వైపు శెనక్కాయ చేలమీద అడవిపందులు పడతాయి. పంట కాపలాకని తుపాకీ లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. మనదేశంలో తుపాకీ అమెరికాలోలాగా రాజ్యాంగం ఇచ్చిన హక్కేం కాదు, సర్కారు ఇచ్చే అనుమతి.

మతిస్థిమితం లేనివాళ్లకి లైసెన్సు ఇవ్వొద్దని 1959 ఆయుధాల చట్టం చెప్తుంది. ఇచ్చాక చెదిరినా రద్దు చేయొచ్చు. 2016 నిబంధనలు డాక్టరు సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. సరే. మరి 2019లో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారే! ఐదేళ్లంటే మా కరువుసీమలో ఎన్ని పంటలు ఎండుతాయో లెక్కేసుకోండి. బోరు ఎండి, అప్పు పెరిగి, రాత్రంతా నిద్రలేక తనలో తనే మాట్లాడుకునే మనిషిని ముందు చూసేది డాక్టరా, పెండ్లామా?

ఆమె మాట వింటే మొగుడికి పిచ్చని చెప్పి పొలం లాక్కుంటుందంటారు కొందరు. ఎందుకు లాక్కోనిస్తారు? ఆయన పొలం, ఆయన ఓటు ఆయనకే ఉండనీండి. ఆమె ఫోన్ చేసిన రోజే తుపాకీ స్టేషన్లో పెట్టించండి, జబ్బు సంగతి డాక్టరు తేలుస్తాడు. నయమైతే తిరిగిచ్చేయండి. రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆమెని విడిగా అడగండి. ఆయన్ని పక్కన నిలబెట్టి అడిగితే ఏం చెప్తుంది పాపం?