గణితబోధన: తలక్రిందులైన క్రమము

ఇంజనీరింగు కళాశాలలో ప్రథమవత్సరపు గణితతరగతికి వచ్చి కూర్చుండు విద్యార్థిని అనాసక్తుడని నిందించుటకు ముందు, వాడు ఏ త్రోవన అచటికి చేరెనో విచారించుట న్యాయము. ఇంటర్మీడియట్ రెండేండ్లును వానికి గణితము గడియారముతో పందెము. తెలుగు రాష్ట్రముల ప్రవేశపరీక్షలో మూడు గంటలకు 160 ప్రశ్నలు, అందు 80 గణితమువే. ప్రశ్నకు నిమిషముపై కొన్ని సెకండ్లు మాత్రమే దక్కు చోట, ఆలోచించుట నష్టదాయకమనియు, షార్ట్‌కట్టును జ్ఞాపకముంచుకొనుటయే ప్రజ్ఞయనియు వాడు గ్రహించినచో ఆ దోషము వానిది కాదు. ర్యాంకు వచ్చినది కనుక గణితముతో తన బాకీ తీరినదని నమ్మి వచ్చినవానికి, నల్లబల్లపై మరల మాత్రికలు ప్రత్యక్షమగును. "ఇవన్నీ ఎందుకు సార్?" అని వాడడుగును, లేదా అడుగు ఓపికయైనను లేక వెనుకబెంచీలో సెల్‌ఫోను చూచుకొనును. అడిగినవాడే మేలు.

ఈ వైముఖ్యమునకు నేడు సూచింపబడుచున్న చికిత్సలు చాలవరకు వినోదప్రధానములు: రంగురంగుల స్లయిడ్లు, వీడియోలు, క్విజ్‌లు. వానిని నేను నిరసింపను గాని, పాఠము మధ్య నవ్వించినంతమాత్రమున కెయిలీ-హామిల్టన్ సిద్ధాంతముపై మక్కువ పుట్టదు. లోపము క్రమమునందున్నది. మన పాఠ్యగ్రంథములు తొలుత నిర్వచనమును, పిమ్మట సిద్ధాంతమును, ఆపై సాధించిన లెక్కలను, సమయము మిగిలినచో చిట్టచివర ప్రయోజనమును చెప్పును. శాస్త్రము పుట్టిన వరుస తరచుగా దీనికి విపర్యయము. ఘనపదార్థములలో ఉష్ణమెట్లు ప్రసరించునను ప్రశ్నతో పెనగులాడి ఫూరియే 1822లో ప్రకటించిన గ్రంథమున ప్రసిద్ధికెక్కిన శ్రేణులను, మనము ఉష్ణము ఊసెత్తకయే, గుణకములు కనుగొనుమని విద్యార్థి ముందు పడవేయుచున్నాము. ఆకలి లేనివానికి వడ్డించిన విస్తరి అది.

న్యూటన్-రాఫ్సన్ పద్ధతినే తీసికొందము. మామూలుగా సూత్రమును బల్లపై వ్రాసి, ఏదో ఒక ఘనసమీకరణమునకు నాలుగు దశాంశస్థానముల వరకు మూలము సాధింపుమందురు. దానికి బదులు, ఆ సూత్రము పేరైనను చెప్పకమునుపే, ఉపాధ్యాయుడు ఒక మోటారుసైకిలు అప్పు లెక్కను తరగతి ముందుంచవచ్చును. అప్పు 60,000 రూపాయలు, గడువు రెండేండ్లు, ఏడాదికి 12 శాతము 'ఫ్లాట్' వడ్డీ. వడ్డీ 14,400, మొత్తము 74,400, నెలకు 3,100 చొప్పున 24 వాయిదాలు. ఇంటిలో తండ్రి దీనిని నూటికి రూపాయి వడ్డీ యనుకొని సంతోషించును. కాని నెలనెలా అసలు తరుగుచుండగా, వడ్డీ మాత్రము కడపటి వాయిదా వరకు పూర్తి 60,000 మీదనే పడుచున్నది గదా! అట్లయిన అసలు వడ్డీ ఎంత? బండి కొనవలెనని ఉబలాటపడు కుర్రవారికి ఇది పరాయి ప్రశ్న కాదు. ప్రతి వాయిదాను నేటి విలువకు తగ్గించి, అన్నిటిని కూడి, 60,000కు సమానము చేసినచో 24వ ఘాతపు సమీకరణము తేలును. వర్గసమీకరణమునకు కంఠస్థము చేసినట్టి సూత్రము దీనికున్నదాయని వారు వెదకుదురు. అయిదవ ఘాతము మొదలుకొని అట్టి సామాన్యసూత్రము ఉండజాలదని, ఇంచుమించు వారి యీడువాడే యైన ఆబెల్ అను నార్వే యువకుడు 1824లో నిరూపించినాడని చెప్పవలసిన తరుణమిదియే. దారి మూసికొనిపోయినది కనుక ఊహించుటయే గతి: నెలకు నూటికి రెండని మొదలిడి, ఆ తప్పును దిద్దుకొనుచు పోవు ఉపాయమును వారే తడవిచూతురు. న్యూటన్ అపుడు ప్రవేశింపవచ్చును. తేలిన ఫలితము నెలకు ఇంచుమించు 1.8, అనగా ఏడాదికి 21.6 శాతము, రూపాయి వడ్డీ కాదు, రూపాయి ఎనుబది పైసలు.

ప్రయోజనమే సర్వస్వమని నా వాదము కాదు. భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో, గాలికి వంగి నీట మునిగిన తామరను చూపి కొలను లోతెంతయని యడిగినపుడు, ఆ లోతుతో ఎవనికిని పని లేదు. అయినను తెలిసికొనవలెనను కుతూహలము పుట్టును. పదునొకండవ శతాబ్దిలో గణితమును తెలుగు పద్యములలో చెప్పిన పావులూరి మల్లనది మనకు దగ్గరి వారసత్వము. అవసరమైనను సరే, వింతయైనను సరే, ప్రశ్న ముందు పుట్టవలెను.

ఇట్లు బోధించిన సిలబసు పూర్తికాదని అధ్యాపకులందురు. నిజమే, పూర్తికాదు. సెమిస్టరునకు అయిదు యూనిట్లలో ఒకదానిని నిస్సంకోచముగా తొలగింపవలెనని నా అభిప్రాయము. సగము తెలిసిన అయిదింటికంటె బాగుగా తెలిసిన నాలుగు మేలు. అంతకంటె కఠినమైన అడ్డంకి ప్రశ్నపత్రము. గైడులోని 'ఇంపార్టెంటు' ప్రశ్నలే అంకెలు మార్చుకొని ఏటేట వచ్చుచుండగా, తరగతిలో ఆలోచింపజేసిన ఉపాధ్యాయుని మాట విని విద్యార్థి ఎందులకు శ్రమపడును? గైడు చదువుకొన్నవాడు ఎట్లును గట్టెక్కును. కనుక మార్పు పరీక్షనుండియే ఆరంభము కావలెను: తప్పుగా సాధించిన లెక్కనిచ్చి తప్పెక్కడ దొర్లినదో చూపుమనుట, అవకలజము శూన్యమగు చోట మొదలిడిన న్యూటన్ పద్ధతి ఏల విఫలమగునో నాలుగు వాక్యములలో వ్రాయుమనుట వంటి ప్రశ్నలకు నూటికి ఇరువది మార్కులైనను కేటాయించినచో, వానిని దిద్దుటకు అధ్యాపకులకు అదనపు వ్యవధి ఈయవలసివచ్చును, విశ్వవిద్యాలయములు ముందుగా ఏర్పాటు చేయవలసినది దానినే.