పట్టం వారి పట్టాలు

పార్టీ మార్చిన నాయకుని మాట వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో తగవు తప్పదు. పెద్దలు "నిలకడ లేనివాడు" అంటారు. కుర్రవాళ్ళు "ఎవరికున్నది లెండి నిలకడ" అంటారు. ఈ నెల ఆ తగవులోకి మేము పట్టం థానుపిళ్ళగారిని తీసుకువస్తున్నాము. ఆయన మలయాళీ అయినా మనకు బొత్తిగా పరాయివారు కారు. 1964 మే నుండి 1968 ఏప్రిల్ వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్నవారే.

1885లో పుట్టినారు, తిరువనంతపురంలో వకీలు. సర్ సి. పి. రామస్వామి అయ్యరుగారు దివానుగా ఉన్న రోజులలో, 1938లో, తిరువాన్కూరు స్టేట్ కాంగ్రెసుకు తొలి అధ్యక్షులై జైలుకు వెళ్ళినారు. 1948 మార్చిలో సంస్థానానికి ప్రధానమంత్రి అయినారు. ఏడు నెలలు తిరిగేసరికి సొంత పక్షంవారే దించివేసినారు. అటు తరువాత కాంగ్రెసు వదలి సోషలిస్టులలో చేరినారు. ఇంతవరకు మేము ఆయనను తప్పు పట్టము. తరిమిన ఇంట్లో ఎవరుంటారు?

1954లో ఆయన ప్రజా సోషలిస్టు పార్టీకి తిరువాన్కూరు-కొచ్చిన్ శాసనసభలో దక్కినవి 19 స్థానాలు. అయినా ముఖ్యమంత్రి ఆయనే. వెనుక నిలిచి మోసినది ఆయన వదలి వచ్చిన కాంగ్రెసే. మన ప్రకాశం పంతులుగారు కూడ అంతకు కొద్ది నెలల ముందే, 1953 అక్టోబరులో, ప్రజా సోషలిస్టు పార్టీని వదలి కాంగ్రెసు అండతో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినారు కదా. ఆయనను క్షమించిన మనము ఈయనను ఎందుకు క్షమించకూడదు?

పార్టీ విషయంలో క్షమించవచ్చు. మాకు గొంతు దిగనిది మరొకటి. దక్షిణ తిరువాన్కూరులోని తమిళులు తమ తాలూకాలను మద్రాసు రాష్ట్రంలో కలపమని కోరుతుండగా, 1954 ఆగస్టు 11న మార్తాండం వైపున పోలీసులు వారిపై తుపాకులు పేల్చినారు, ప్రాణాలు పోయినవి. సొంత పార్టీ ప్రధాన కార్యదర్శి లోహియాగారే మంత్రివర్గం రాజీనామా చేయాలన్నారు. పిళ్ళగారు కదలలేదు. ఆ చీలిక ముదిరి, 1955 వెళ్ళి 1956 వచ్చే వేళకు లోహియాగారు హైదరాబాదులో వేరే సోషలిస్టు పార్టీ పెట్టుకున్నారు. 1956 నవంబరు 1న ఆ తాలూకాలు మద్రాసుకే చేరి కన్యాకుమారి జిల్లా అయినవి. పరభాషవారి మధ్య తరతరాలుగా కాపురముంటున్న మన బోటివారికి, ఒక నాయకుడు ఎన్ని జెండాలు మార్చినాడన్నది తరువాతి లెక్క. తన భాష కానివాని మొర ఎట్లా విన్నాడన్నది మొదటి లెక్క.

1960లో మళ్ళీ అదే చిత్రం. కేరళలో కాంగ్రెసుకు 63 మంది, ఆయన పార్టీకి 20 మంది. పట్టం మాత్రం పట్టం వారికే కట్టినారు. ఎన్నాళ్ళని ఊరుకుంటారు? 1962 సెప్టెంబరులో ఆయనను పంజాబు గవర్నరుగా వేసినారు. ముఖ్యమంత్రి కుర్చీ కాంగ్రెసువారైన ఆర్. శంకర్ గారికి వచ్చినది. మేము గుమాస్తాలము, ప్రమోషను పేరుతో వచ్చే బదిలీ ఉత్తరువు ఎందుకు వస్తుందో మాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దవారై వెళ్ళినారు, పార్టీ మాత్రం ఇంటి వద్ద దిక్కులేనిదైనది. కొద్ది వారాలలోనే దాని మంత్రులు కూడ బయటికి వచ్చినారు.

పంజాబు నుండి హైదరాబాదు వచ్చినారు. తెలుగును అధికార భాష చేసిన 1966 నాటి చట్టం వచ్చినది ఈ మలయాళీ గవర్నరు కాలంలోనే. ఆ సంవత్సరమే నవంబరు 1న, ఉక్కు కర్మాగారం కోరిన జనంపై విశాఖపట్నంలో కాల్పులు జరిగినవి. అప్పుడు ప్రభుత్వం బ్రహ్మానందరెడ్డిగారిది. ఆజ్ఞ గవర్నరుది కాదు. ఆ కబురు రాజభవనానికి చేరిన సాయంత్రం ఆయనకు మార్తాండం గుర్తుకు వచ్చినదో లేదో!

1968లో ఖండూభాయ్ దేశాయ్ గారు ఆయన స్థానంలో వచ్చినారు. 1970 జూలైలో పిళ్ళగారు పోయినారు.